మార్చి ఆఖర్న ఫిన్లాండ్ పోతాన్నా, అక్కడ వసంతం ఎట్ల ఉంటాది?

తాడిపత్రి టీచరమ్మ:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా తాడిపత్రి. ముప్పై ఒక్క ఏండ్లు చిన్నపిల్లోళ్లకు చదువు చెప్పి పోయిన సంవత్సరమే రిటైరైనా. మా పాప, అల్లుడు ఫిన్లాండ్‌లో ఔలు అనే ఊర్లో ఉంటారు. పాపకు ఏప్రిల్ నడిమిలో కాన్పు. ఈసారి ఉగాది మార్చి 19న కదా, పండగ చేసుకొని 24న నేనొక్కదాన్నే బయల్దేరతాన్నా. వీసా తొంభై రోజులకు ఇచ్చినారు.

పాపను అడిగితే, "ఏం భయంలేదు మా, నువ్వొచ్చేటప్పటికి వసంతం వచ్చేస్తాది" అంటాది. నిన్న వీడియోలో చూపిస్తే కిటికీ కింద మనిషెత్తు మంచు కుప్ప ఉండాది. అల్లుడేమో "స్వెట్టర్లు తెచ్చుకోండత్తా, మేలో కూడా మంచు పడొచ్చు" అంటాడు. ఇద్దరి మాటకూ పొంతన లేదు. నాకు తెలిసిన వసంతమంటే వేపపూత, మామిడి పిందెలు, చింతచిగురు, రాత్రిపూట మిద్దె మీద నీళ్లు చల్లుకొని పడుకునేది. ఏప్రిల్ వచ్చిందంటే మా తావు నాపరాళ్ల మీద కాలు పెట్టలేము, నలభై దాటుతాది.

అక్కడ నిజంగా ఎట్ల ఉంటాది? నేను చీర తప్ప ఇంకేమీ కట్టను. మోకాళ్ల నొప్పులు ఉండాయి. రోజూ కాసేపు నడవకపోతే కాళ్లు పట్టేస్తాయి. నెయ్యి, కరివేపాకు, పాలకోవా తీసుకపోవచ్చా? అక్కడ ఉండి వచ్చినోళ్లు ఎవరైనా వివరంగా చెప్తే మీకు పుణ్యముంటాది.


పెన్నాఒడ్డు:

అమ్మా, నమస్తే. మాది ప్రొద్దుటూరు. మీ ఊరు దాటి వచ్చే పెన్నే మా ఊరి పక్కన పోయేది, అందుకని మీరు మాకు పైనూరోళ్లు. నేను ఔలులోనే తొమ్మిదేండ్లుగా ఉండా. మీ పాప చెప్పిందీ నిజమే, మీ అల్లుడు చెప్పిందీ నిజమే. ఇక్కడి వాతావరణ శాఖ లెక్కలో రోజు సగటు ఉష్ణోగ్రత సున్నా దాటి పది లోపల ఉంటే అది వసంతం. మన లెక్కకు అది హార్సిలీ హిల్స్‌లో సంక్రాంతి పొద్దు కంటే గట్టి చలి. ఏప్రిల్‌లో పగలు ఐదారు డిగ్రీలు, రాత్రి మళ్లీ సున్నా కిందికి. ఆ ఊగులాటనే వీళ్లు వసంతం అంటారు.

ఇక్కడ వసంతంలో మొదట వచ్చేది వెలుతురు. దాని వెనక నీళ్లు. ఆకు, పువ్వు ఆఖర్న వస్తాయి. మనం పూత కోసం చూస్తాము కాబట్టి వసంతం రాలేదనుకుంటాము. వీళ్లు ఫిబ్రవరిలోనే కిటికీ దగ్గర నిలబడి "వచ్చేసింది" అంటారు. డిసెంబర్‌లో పగలు మూడున్నర గంటలు మాత్రమే ఉంటాది మరి. అక్కడి నుంచి రోజురోజుకు పెరిగి, మార్చిలో అయితే రోజుకు ఆరేడు నిమిషాల లెక్కన సాగుతాది. మన అనంతపురంలో ఆ రోజుల్లో పెరిగేది రోజుకు నిమిషం కూడా ఉండదు, అందుకే మనకు తెలియదు. ఇక్కడ వారం తిరిగేసరికి ముప్పావు గంట పగలు ఎక్కువైపోతాది. మీరు దిగేటప్పుడు పదమూడు గంటల దగ్గర ఉంటాది. ఏప్రిల్ ఆఖరుకు రాత్రి తొమ్మిదిన్నర దాటినా పొద్దు గూకదు. మే ఆఖరుకు పదకొండు దాటాలి, తెల్లారేది మూడింటికి. నిద్ర పట్టదు. వెలుతురు రాని మందం కర్టెన్లు మీ గదికి ముందే కట్టించమని అల్లుడికి చెప్పండి.

ఇంక అసలు మాట. ఎండ ఉంటే వేడి ఉంటాదని మన ఒళ్లు నమ్మేస్తాది. పుట్టినప్పటి నుంచి నేర్చుకున్నది కదా, తలకాయ ఎంత చెప్పినా ఒళ్లు వినదు. ఇక్కడ ఎండ కండ్లు తెరవనియ్యదు, మంచు మీద పడి రెట్టింపు కొడతాది, ఒళ్లుకు మాత్రం మైనస్ ఆరు. నల్లద్దాలు తెచ్చుకోండి, సోకు కోసం కాదు, లేకపోతే సాయంత్రానికి కండ్లు మండుతాయి.

2019లో మా అమ్మ ఇట్లనే వచ్చింది. అదీ ఏప్రిల్ మొదట్లోనే, మా పాప పుట్టిన పదకొండో రోజు. ఆ పొద్దున ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. నేను ఆఫీసుకు పోతా పోతా, "ఎండ బాగుంది, అట్ల తిరిగి రా మా" అని చెప్పినా. చెప్పింది నేనే. పగలు కరిగిన నీళ్లు రాత్రి గడ్డ కట్టి, పొద్దున ఎండకు దాని మీద పల్చగా నీటి పొర తేలుతాది. చూస్తే తడిసిన సిమెంటు బాట మాదిరే ఉంటాది. కాలు పెడితే నూనె పోసిన బండ. ఇంటికి యాభై అడుగుల దూరంలో, చెత్తడబ్బాల షెడ్డు పక్కన పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. మనవరాలిని ఎత్తుకోడానికి ఆరువేల కిలోమీటర్లకు పైన వచ్చిన మనిషి, ఎడమ చెయ్యితో ఉయ్యాల ఊపుతా కూర్చుంది. ఆమె ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఏప్రిల్ ఎండ చూస్తే ఆ షెడ్డే గుర్తొస్తాది.

అందుకని, మీరు దిగిన రోజే బూట్ల కింద తొడుక్కునే ముళ్ల రబ్బరు కొనిపించుకోండి. ఇక్కడ లియుకుఎస్టేత్ అంటారు, ఏ సూపర్‌మార్కెట్లోనైనా దొరుకుతాది. అంగట్లోకి పోయేటప్పుడు విప్పేయండి, నున్నటి టైల్స్ మీద అవే జారతాయి. పొద్దున పదింటి లోపల నడకకు పోవద్దు. మధ్యాహ్నం రెండు, మూడింటికి పోండి, అప్పటికి పైన కరిగిన నీళ్లు కారిపోయి అడుగునున్న కంకర తేలింటాది. అడుగు చిన్నదిగా వేయాలి, ఒంటి బరువంతా ముందు కాలి మీద ఉండాలి. కోటు జేబుల్లో చేతులు పెట్టుకొని నడవద్దు. ఇంకొకటి: పాత బిల్డింగుల కింద బాటకు అడ్డంగా తాడో, చెక్కో పెట్టింటారు. పైకప్పు మంచు జారి పడుతుందని గుర్తు. అటువైపు పోనేపోవద్దు.

సముద్రం గురించి మీరు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. మీరొచ్చేటప్పటికి ఔలు ముందరున్న సముద్రమంతా గడ్డకట్టి ఉంటాది. ఈ మూలకు నదుల నీళ్లు ఎక్కువ చేరి ఉప్పు తక్కువ, అందుకే సులభంగా గడ్డకడతాది. నల్లికారి అని బీచ్ ఉంది. మార్చిలో జనం దాని మీద స్కీయింగ్ చేస్తారు, బొక్క చేసి గాలం వేస్తారు, కుక్కల్ని తిప్పుతారు. మొదటిసారి నేను దాని మీద నడిచినప్పుడు చిన్నప్పుడు ఎండాకాలంలో పెన్న దాటినట్టే అనిపించింది. అక్కడా నది పేరు నదే, కాలికి ఇసుక. ఇక్కడా పేరు సముద్రమే, కాలికి గట్టి నేల. కానీ ఏప్రిల్ వచ్చినాక దాని మీదికి పోవద్దు. మందంగానే కనిపిస్తాది, లోపల కుళ్లిపోయి ఉంటాది.

మేలో ఆ మంచు విడిపోయేటప్పుడు ఒడ్డున నిలబడాల. ఎండ దిగీ దిగీ ఆ గడ్డ అంతా నిలువుగా సన్నటి పుల్లలు పుల్లలుగా విడిపోతాది. గాలి తోసినప్పుడల్లా ఆ పుల్లలు ఒకదానికొకటి తగులుతా ఒడ్డుకు కుప్ప పడతాయి. ఆ చప్పుడు అచ్చం గాజుల చప్పుడు. కంసలి వీధి పక్కన గాజుల మలారం దించి విప్పుతాంటే ఎట్ల ఉంటాది, అట్ల. అమ్మ చెయ్యికి కట్టు విప్పిన వారం తీసుకపోయినా. అరగంట కదల్లేదు. "ఇంత పెద్ద సముద్రం గాజులేసుకున్నట్టుందిరా" అనింది. ఆమె ఆ ప్రయాణంలో నవ్వింది ఆరోజే ఎక్కువ.

ఇంక చిన్న చిన్నవి. మంచు కరిగేకొద్దీ చలికాలమంతా పోగొట్టుకున్న చేతిజోళ్లు బయటపడతాయి. ఎవరికి దొరికినా దాన్ని తీసి పక్కనున్న కంచె గుంజకో, చెట్టు కొమ్మకో తగిలిస్తారు, పోగొట్టుకున్నోళ్లకు కనిపించాలని. మా వీధి మలుపులో ఒక చిన్న ఎర్ర జోడు పోయినేడు వేసవి దాకా అట్లనే ఉంది, వేలు పైకెత్తి పిలుస్తున్నట్టు. ఏప్రిల్‌లో పెద్ద తెల్ల హంసలు వస్తాయి, వీళ్ల జాతీయ పక్షి అదే. ఊరికి దక్షిణాన లిమింకా దగ్గర పొలాల్లో నీళ్లు నిలిచిన తావు గుంపులు గుంపులుగా దిగుతాయి. చిలమత్తూరు దగ్గర వీరాపురం చింతచెట్ల మీద కొంగలు దిగేది చూసినోళ్లకు ఆ సంబరం కొత్తగాదు. ఊరోళ్లు వాటిని చూసి ఇంట్లోకి చుట్టాలొచ్చినట్టు మాట్లాడుకుంటారు.

పువ్వంటే, కాలవ గట్ల మీద ఆకు కూడా లేకుండా నేలలో నుంచి నేరుగా ఒక పసుప్పచ్చ పువ్వు వస్తాది, తంగేడు రంగు. అదే మొదటిది. బర్చ్ చెట్లు మే నడిమి దాటితే గానీ చిగురించవు. ఆ చిగురును వీళ్లు 'ఎలుక చెవి' అంటారు, అంత చిన్నగా, మెత్తగా ఉంటాది. నేనైతే ఆ వారం ప్రతి ఏడూ చింతచిగురును తలుచుకుంటా. అది వచ్చిన పది రోజుల్లో ఊరు మొత్తం పచ్చగా మారిపోతాది, మన తావు తొలకరి పడినాక కొండలు మారినంత తొందరగా.

చీర గురించి: మా అమ్మ కూడా చీరే. లోపల ఉన్ని లెగ్గింగ్సు, ఉన్ని సాక్సులు, పైన మోకాలి కిందికి వచ్చే కోటు. నూలువి లోపల వేసుకోవద్దు, చెమటకు తడిసి ఇంకా చల్లబడతాయి. చీర అంచు జానెడు పైకి కట్టుకోండి, లేకపోతే మంచు బురదలో తడిసి బరువెక్కుతాది. ఇండ్లల్లో ఇరవై, ఇరవై రెండు డిగ్రీలు ఉంటాది, లోపల మామూలు చీర చాలు. చెప్పులు గడప దగ్గరే విప్పుతారు, మన మాదిరే.

నెయ్యి, పాలకోవా తేవద్దు. పాలతో చేసినవి, మాంసం ఏదైనా బయటి దేశాల నుంచి యూరప్‌లోకి తేకూడదు, పట్టుకుంటే తీసి పారేస్తారు. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా వద్దు. కరివేపాకు పొడి కొట్టుకొని తెచ్చుకోండి. ఇక్కడ ఉప్పులేని వెన్న బాగుంటాది, నెయ్యి కాచుకోవచ్చు.


ఆదోని కుర్రోడు:

అమ్మా, అన్న చెప్పింది చదివి నాకూ రాయాలనిపించింది. మాది కర్నూలు జిల్లా ఆదోని. నార్వేలో ట్రామ్సోలో చదువుకుంటున్నా. ఇది మీ పాప వాళ్ల ఊరికంటే ఇంకా పైకి, దాదాపు 70 డిగ్రీల ఉత్తరం. విచిత్రమేమంటే ఇక్కడ సముద్రం గడ్డకట్టదు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి నీళ్ల ప్రవాహం ఈ ఒడ్డును తాకుతా పోతాది. మంచు మాత్రం ఎక్కువ. ఈ ఊర్లో ఎన్నడూ లేనంత మంచు, 240 సెంటీమీటర్లు, కొలిచింది నడి చలికాలంలో కాదు, 1997 ఏప్రిల్ 29న. మన ఊర్లో పిల్లోళ్లకు ఎండకాలం సెలవులిచ్చే రోజులు అవి.

అన్న చెప్పిన వెలుతురు ముచ్చట ఇక్కడ ఇంకా గట్టిది. నవంబర్ ఆఖరు నుంచి జనవరి నడిమి దాకా సూర్యుడు అసలు రాడు. వచ్చినాక కూడా కొండల వెనక ఉంటాడు, జనవరి 21 ప్రాంతంలో ఊర్లోకి కనిపిస్తాడు. ఆ రోజు అందరూ జామ్ నింపిన బన్నులు తింటారు. పోయినేడు మా ల్యాబ్‌లో అందరం పని ఆపి కిటికీ దగ్గరికి పోయినాం. ఎదురు కొండ అంచున నాలుగు నిమిషాలు వెలుగు పడింది. మా ప్రొఫెసర్ కండ్లల్లో నీళ్లు చూసినా. సూర్యుణ్ణి తిట్టుకుంటా పెరిగిన ఊరు మాది, నాకు ఆ పూట నోట మాట రాలేదు.

ఎండకూ వేడికీ సంబంధం లేదన్న మాటకు ఇంకొక సాక్ష్యం. మాకు దక్షిణాన లోఫోటెన్ దీవుల్లో ఫిబ్రవరి నుంచి మే దాకా కాడ్ చేపల్ని జతలు జతలుగా తోకలు కట్టి పెద్ద పెద్ద కట్టె పందిళ్లకు వేలాడదీస్తారు. ఉప్పు పెట్టరు. మనం వడియాలు ఎండకు పెడతాం, ఇక్కడ చేపల్ని చలిగాలికి పెడతారు. సున్నాకు కాస్త అటూ ఇటూ ఉండే ఆ వసంతపు గాలే కావాల. ఎక్కువ చలైతే చేప పాడైతాది, వేడెక్కితే పురుగు పడతాది. మూడు నెలలకు కట్టెలాగ గట్టిపడి, ఏండ్ల తరబడి నిలవ ఉంటాది.


కడప అవ్వ:

నీకంటే పెద్దదాన్నే అనుకుంటా, చెల్లీ అని పిలుస్తా. నేను 2022లో మా పాప కాన్పుకు ఫిన్లాండే పోయినా, హెల్సింకి పక్కన. చలి గురించి ఆ అబ్బాయి బాగా చెప్పినాడు. నేను బిడ్డ గురించి చెప్తా.

నువ్వు పోయినాక ఒక దినం నీ గుండె ఆగినంత పని అయితాది, ముందే చెప్తాన్నా. నెలలోపల బిడ్డను వీళ్లు బాగా చుట్టి, బండిలో పడుకోబెట్టి, బాల్కనీలో పెట్టి తలుపేస్తారు. బయట చలి. మన తావు బాలింతకు చెవుల్లో దూది, గదికి కిటికీ కూడా తెరవం. నేను మా అల్లుణ్ణి అనరాని మాటలన్నీ అన్నా. వాడు పాపం ఏమీ అనకుండా ఒక కుర్చీ తెచ్చి బాల్కనీ అద్దం ముందర వేసి, "ఇక్కడే కూర్చోండత్తా, లేస్తే మీరే తీసుకోండి" అన్నాడు. కూర్చున్నా. బిడ్డ రెండున్నర గంటలు నిద్రపోయింది. ఇంట్లో ముప్పావు గంటకు మించి ఎప్పుడూ పడుకోలేదు. లేచినప్పుడు బుగ్గలు ఎర్రగా, కడుపు నిండా ఆకలి.

ఈ దేశంలో అందరూ అట్లనే చేస్తారు. మైనస్ పది దాటితే వద్దంటారు, ఏప్రిల్‌లో ఆ బాధ లేదు. వాళ్ల తల్లీబిడ్డల కేంద్రాన్ని నెవోలా అంటారు, అక్కడి నర్సమ్మ నాకు చెయ్యి పట్టి చూపించింది. బిడ్డకు చలేస్తుందా లేదా అని చేతులు ముట్టి చూడొద్దు, అవి చల్లగానే ఉంటాయి. మెడ వెనక, గుడ్డ లోపలికి రెండు వేళ్లు పెట్టి చూడాల. వెచ్చగా, పొడిగా ఉంటే చాలు. తడిగా ఉంటే ఎక్కువ చుట్టినట్టు. నేను ముగ్గుర్ని కని పెంచినా, ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు.

రెండు వారాలు నిండినాక విటమిన్ డి చుక్కలు రోజూ వేయమంటారు, ఎండ ఎంత ఉన్నా సరే. మానొద్దు. సర్కారు ఒక పెద్ద అట్టపెట్టె ఇస్తాది, బిడ్డకు కావాల్సిన బట్టలు, చలి సూటు, దుప్పటి అన్నీ అందులో ఉంటాయి, ఆ పెట్టెలోనే పరుపు వేసి పడుకోబెట్టొచ్చు. 1938లో పేదోళ్లకు మొదలుపెట్టి 1949 నుంచి అందరికీ ఇస్తాన్నారంట. వద్దంటే డబ్బు తీసుకోవచ్చు, నువ్వు మాత్రం పెట్టే తీసుకోమని చెప్పు. గుడ్డలు ఎంత మెత్తగా ఉంటాయో.

సాంబ్రాణి మటుకు ఆలోచించి వెయ్యి. పైకప్పుకు పొగ గంట ఉంటాది. నేను మొదటి దినమే నిప్పుల మీద వేస్తే ఆ గంట మోగి బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది, బాలింత బెదిరిపోయింది. మానేసినా. నువ్వుల నూనె రుద్ది, ఉడుకు నీళ్లు పోసి, వాము వేసిన నీళ్లు తల్లికి తాపిస్తే చాలు.


గుంతకల్లు రైలుపట్టా:

అందరి మాటలూ చదివినా. మా నాయనకు ఆయాసం ఉంది, ఇన్‌హేలర్ వాడతాడు. మా అన్న కూడా ఔలులోనే ఉండాడు, నాయనను ఏప్రిల్, మే నెలల్లో రమ్మంటాడు. వసంతం గాలి మంచిదే కదా?


పెన్నాఒడ్డు:

తమ్ముడూ, ఆ రెండు నెలలే జాగ్రత్తగా ఉండాల్సింది. జారకుండా ఉండాలని చలికాలమంతా బాటల మీద సన్న కంకర చల్లుతారు. ముళ్ల టైర్లు దాన్నీ, రోడ్డునూ నూరి పిండి చేస్తాయి. మంచు కరిగి, రోడ్డు ఆరినాక ఆ పిండంతా ఒక్కసారి లేస్తాది. ఏప్రిల్‌లో గాలి తిరిగిన రోజు మన నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ పక్కన నిలబడినట్టు గొంతులో గరగర. నీళ్లు చల్లి, బ్రష్షుల బండ్లతో ఊడుస్తారు, మా వీధికి బండి వచ్చే తేదీని బోర్డు మీద పెడతారు కూడా. అది ముగిసేసరికి మేలో బర్చ్ పుప్పొడి మొదలు. పోయినేడు మా కారు మీద వేలితో పేరు రాయొచ్చు, అంత పసుపు పడింది. నాకు ఊర్లో ఎన్నడూ లేని తుమ్ములు ఇక్కడికి వచ్చిన మూడో ఏడు మొదలైనాయి.

ఆయాసం ఉన్న మనిషైతే డాక్టరును అడిగి, ఆగస్టుకు పంపేది మేలు. అప్పటికి ఇవన్నీ అణిగింటాయి, నడవడానికీ బాగుంటాది. ఏప్రిల్‌లోనే రావాల్సి వస్తే వాన పడిన మర్నాడు బయట తిప్పమను.


తాడిపత్రి టీచరమ్మ:

మీ అందరికీ చేతులెత్తి దండం. ఒక్కొక్కరి మాట రెండుసార్లు చదివి నోటుపుస్తకంలో రాసుకున్నా. అక్కా, నువ్వు చెప్పిన మెడ వెనక రెండు వేళ్ల మాట మా పాపకు ఇప్పుడే ఫోన్లో చెప్పినా, "అమ్మా నీకెట్ల తెలుసు" అని అడిగింది. నేనూ అట్లనే ఎగిరేదాన్నేమో. ఇప్పుడు కుర్చీ ముందే వేయించుకుంటా.

బడిలో ఋతువుల పాఠం ఎన్నిసార్లు చెప్పింటానో లెక్కలేదు. వసంత ఋతువు: చెట్లు చిగురించును, కోయిల కూయును. అంతే రాయించేదాన్ని. ఒక పిల్లోడు, వాళ్ల నాయన గల్ఫ్‌లో ఉండేవాడు, "టీచర్, మా నాయన ఉండే తావు చెట్లే లేవంట, ఆడ వసంతం రాదా" అని అడిగినాడు. నేను "కూర్చో" అన్నా. ఆ పిల్లోడికి ఇప్పుడు చెప్పాలనిపిస్తాంది, ఎక్కడున్నాడో.

పెన్నాఒడ్డు నాయనా, మీ అమ్మగారి చెయ్యి ఇప్పుడు బాగుందా? ఆ సముద్రం గాజుల చప్పుడు ఏ తేదీకి వస్తాదో చెప్పగలవా? దానికి మాత్రం నేను పోవాల్సిందే. పండగలేమైనా ఉంటాయా నేనుండే రోజుల్లో?


పెన్నాఒడ్డు:

అమ్మా, చెయ్యి బాగుంది. చలికాలం కాస్త లాగుతాదంటాది, రొట్టెల పిండి మాత్రం ఎప్పటి మాదిరే పిసుకుతాది.

పండగలంటే, మీరు దిగిన నాలుగో రోజే, మార్చి 29 ఆదివారం, తలుపు కొడతారు. తెరిస్తే చిన్నపిల్లోళ్లు తలకు గుడ్డ కట్టి, బుగ్గల మీద చుక్కలు పెట్టుకొని మంత్రగత్తె వేషంలో ఉంటారు. చేతిలో విల్లో అనే చెట్టు కొమ్మలకు రంగు ఈకలు, కాగితాలు కట్టింటారు. ఆ కొమ్మను మీ ముందర ఊపుతా ఒక చిన్న పాట చెప్తారు, ఈ ఏడంతా చల్లగా ఉండాలని దీవెన. కొమ్మ మీకిస్తారు, మీరు మిఠాయి ఇయ్యాల. ఇంట్లో చాక్లెట్లు ఉంచుకోండి. టీచరమ్మ కాబట్టి మీకు నచ్చుతాది. అదే రోజు గడియారం గంట ముందుకు జరుపుతారు, మనకూ ఇక్కడికీ తేడా మూడున్నర గంటల నుంచి రెండున్నరకు వస్తాది. తాడిపత్రికి ఫోన్ చేసేటప్పుడు గుర్తుపెట్టుకోండి.

ఏప్రిల్ 5న ఈస్టర్. మ్యామ్మి అని ఒక నల్లటి తీపి పదార్థం పెడతారు, రై అనే ధాన్యం పిండి, దాని మొలకల పిండితో చేసి ఓవెన్లో పెట్టింది. చూడ్డానికి రాగిసంగటి ఇంకొంచెం జారుగా కలిపినట్టే. పైన పాలమీగడ పోసుకొని తింటారు. చాలామంది మనోళ్లు మొహం తిప్పుకుంటారు, సంగటి తిన్న నోటికి మాత్రం ఇది పరాయిది కాదు. మే 1న వప్పు, అదే వీళ్ల పెద్ద సంబరం. ముసలోళ్లు కూడా పన్నెండో తరగతి పాసైనప్పటి తెల్ల టోపీలు తీసి పెట్టుకొని వీధుల్లోకి వస్తారు. నిమ్మకాయ, చక్కెర వేసి ఇంట్లో పులియబెట్టిన సిమ అనే నీళ్లు తాగుతారు. అందులో వేసిన ఎండుద్రాక్ష పైకి తేలితే తయారైనట్టు. దాంతోపాటు జంతికల చుట్టలాంటి ఒక తీపి. ఆ రోజు మంచు పడినా గడ్డి మీద దుప్పటి పరుచుకొని కూర్చుంటారు, నేను రెండేండ్లు అట్ల తడిసినా.

సముద్రం తేదీ ఎవరూ చెప్పలేరు. ఏడాదికొక మాదిరి. ఎక్కువసార్లు మే మొదటి రెండు వారాల్లో, గాలి పడమటి నుంచి వచ్చిన రోజు. మీ పాపకు అప్పటికి మూడు నాలుగు వారాలు నిండింటాయి, ఇంట్లో అల్లుడుంటాడు కాబట్టి మిమ్మల్ని రెండు గంటలు వదుల్తారు. నల్లికారికి నేనే కారులో తీసుకపోతా. మా అమ్మ కూడా ఈ ఏడు మళ్లీ వస్తాంది, మే 3న దిగుతాది. ఈసారి ఏప్రిల్ వద్దని నేనే టికెట్ వెనక్కి జరిపినా. తాడిపత్రి ఆమె ఒకరు వస్తున్నారని చెప్తే, ఎండబెట్టిన చింతచిగురు పొడి ఒక డబ్బా ఎక్కువ తెస్తానంటాంది. మీకు పప్పులోకా, పచ్చడిలోకా అని అడగమనింది.